ఆట మొహం మొత్తిన పిల్లలకు ఏం చేయాలి: గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానం

మీరు చెప్పిన విషయం ముందు క్లుప్తంగా చూద్దాం. పాపకు 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. తొమ్మిదో ఏట నుంచి బ్యాడ్మింటన్ ఆడుతోంది. పొద్దున 5:30 నుంచి 7:30 వరకు, సాయంత్రం 5 నుంచి 7:30 వరకు, వారానికి ఆరు రోజులు ప్రాక్టీసు. రెండు నెలలుగా లేవగానే కడుపునొప్పి అంటోంది, కోర్టు దాకా వచ్చి బండి దిగనంటోంది. తనకంటే చిన్నవాళ్ళ చేతిలో ఓడిపోతోంది, మార్కులూ తగ్గాయి. కోచ్ గారు "బద్ధకం, ఫోన్ ఎక్కువైంది" అన్నారు. జిల్లా సెలక్షన్లకు ఆరు వారాలే ఉంది. ఆపేయాలా, గట్టిగా చెప్పి పంపాలా అని అడిగారు.

ఈ వారం ఆ రెండింటిలో ఏదీ చేయకండి. గట్టిగా చెప్పి పంపితే వెళ్తుంది, కానీ ఇంకో మూడు నెలల్లో రాకెట్ ముట్టుకోనంటుంది. ఇప్పుడే మానిపిస్తే "నాకు చేతకాలేదు" అన్న మాట ఆ పిల్ల మనసులో ఉండిపోతుంది. ముందు ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి.

మీరు ఇచ్చిన వేళల ప్రకారం పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండున్నర, రోజుకు నాలుగున్నర. ఆరు రోజులకు 27 గంటలు. పిల్లల క్రీడా వైద్యంలో చాలాకాలంగా ఒక తేలికైన కొలత వాడుతున్నారు: వారానికి ప్రాక్టీసు గంటలు పిల్ల వయసు సంఖ్యను దాటకూడదు, ఎంత పెద్ద పిల్లలైనా 16 గంటలు దాటితే గాయాల విషయంలో గట్టి నిఘా ఉండాలి. పాపకు 14 ఏళ్ళు, ఆడుతున్నది 27 గంటలు. దాదాపు రెట్టింపు. దీనికి బడి కలపండి. 8:45 నుంచి 4:15 వరకు అంటే ఆరు రోజులకు 45 గంటలు. రాత్రి ట్యూషన్ గంటన్నర చొప్పున 9 గంటలు. మొత్తం 81. ఇందులో ప్రయాణం లేదు, హోంవర్క్ లేదు, ఆదివారం టోర్నమెంట్ లేదు. ఏ ఆఫీసు ఉద్యోగి చేతనైనా వారానికి 81 గంటలు చేయించి, పైగా అందులో 27 గంటలు పరుగెత్తించి, బద్ధకం అంటే ఒప్పుకుంటామా?

నిద్ర సంగతి కూడా చూడండి. రాత్రి 11కి పడుకుని 4:45కి లేస్తే ఐదు గంటల ముప్పావు. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు కావలసింది 8 నుంచి 10 గంటలు. ఆటలో పని అంతా ప్రాక్టీసులో జరుగుతుందనుకుంటాం. కండరం బాగుపడేది, నేర్చుకున్న స్ట్రోక్ ఒంటికి పట్టేది నిద్రలో. నిద్ర తగ్గితే ప్రాక్టీసు పెంచినకొద్దీ ఆట పడిపోతుంది. ఆట పడిపోతే కోచ్ ఇంకో అరగంట పెంచుతారు. మన ఊళ్ళలో చాలామంది పిల్లలు ఇరుక్కునేది ఈ చోటే.

ఇప్పుడు బర్నవుట్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఈ మాటను అలసటకు మారుపేరుగా వాడేస్తున్నాం. ఇందులో మూడు కలిసి ఉంటాయి. ఒళ్ళూ మనసూ తీరని అలసట ఒకటి. ఎంత చేసినా నాకేమీ రావడం లేదన్న భావన రెండోది. ఈ ఆటతో నాకేం పని, ఎవరు గెలిస్తే ఏంటి అనే విరక్తి మూడోది. మొదటిది మాత్రమే ఉంటే అది అలసట, నాలుగైదు రోజులు బాగా నిద్రపోతే మొహం తేటపడుతుంది. మూడోది వచ్చిందంటే అసలు జబ్బు అదే. ఒకప్పుడు రాకెట్ గ్రిప్ రంగు గురించి అరగంట మాట్లాడిన పిల్ల ఇప్పుడు స్ట్రింగ్ తెగినా చెప్పడం లేదంటే, ఆ సంగతి స్కోరు కంటే ఎక్కువ చెబుతుంది. ఫోన్ విషయానికొస్తే, అలసిన పిల్లకు ఏమీ అడగని వస్తువు అదొక్కటే. దాన్ని లాక్కుంటే అలసట తగ్గదు, దాక్కునే చోటు మాత్రం పోతుంది. రాత్రి 9:30 తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట, మీవి కూడా కలిపి, ఛార్జింగ్‌కి పెట్టే పద్ధతి పెట్టుకోండి. అంతకు మించి ఈ నెలలో ఫోన్ మీద యుద్ధం వద్దు.

మనసు సంగతి అనుకునే ముందు ఒంటి సంగతి తేల్చుకోవాలి. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి రక్తపరీక్ష అడగండి: రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ, ఫెర్రిటిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, విటమిన్ డి. ఈ వయసు ఆడపిల్లల్లో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. హిమోగ్లోబిన్ 12 పైన ఉన్నా ఫెర్రిటిన్ బాగా తగ్గి ఉండొచ్చు. అంటే శరీరంలో ఇనుము నిల్వ ఖాళీ అయిందన్నమాట. అలాంటి పిల్ల రెండో గేమ్‌లోనే కాళ్ళు లాగుతున్నాయంటుంది, పొద్దున లేవలేదు, చదివింది గుర్తుండదంటుంది. అన్నీ బద్ధకంలాగే కనిపిస్తాయి. డాక్టర్ ఐరన్ మాత్ర రాస్తే దాన్ని టీతోనో పాలతోనో ఇవ్వకండి, ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో ఇవ్వండి. పరీక్ష చేయించకుండా మాత్రలు మొదలుపెట్టొద్దు. ఈ ఏడాది డెంగ్యూ, టైఫాయిడ్ లాంటివి వచ్చి ఉంటే అదీ చెప్పండి. జ్వరం తగ్గిన కొన్ని వారాల దాకా ఆ నీరసం ఉంటుంది, చాలామంది మాత్రం జ్వరం తగ్గిన నాలుగో రోజే కోర్టుకి పంపుతారు.

నెలసరి గురించి అమ్మ అడగాలి, సిగ్గుపడే విషయం కాదు. 15 ఏళ్ళు నిండినా మొదలుకాకపోయినా, మొదలై వరసగా మూడు నెలలు ఆగినా, అది "ఆటగాళ్ళకు మామూలే" అని వదిలేసేది కాదు. తిండికీ ఖర్చయ్యే శక్తికీ పొత్తు కుదరడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. ఎముకలు బలపడాల్సిన వయసులో ఇది జరిగితే ఎముకల్లో చిన్న పగుళ్ళు రావచ్చు. అలాగే మోకాలి చిప్ప కింద ఎముక మీద నొప్పి, మడమ నొప్పి, భుజం నొప్పి రెండు వారాలు దాటినా, నొప్పి వల్ల నడక మారినా ఆట ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించాలి. కొందరు పిల్లలకు నొప్పి ఉందని చెప్పే ధైర్యం ఉండదు, ఆట ఇష్టం లేదంటారు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి. అక్కడ ఎవరైనా భయపెడుతున్నారా, తాకుతున్నారా, అందరి ముందూ ఒంటి గురించి మాట్లాడుతున్నారా, సీనియర్లు ఏడిపిస్తున్నారా? ఒక మనిషి ఉన్న రోజే కడుపునొప్పి వస్తే, ఆ మనిషి రాని రోజు మామూలుగా వెళ్తుంటే, అది బర్నవుట్ కాదు. పిల్ల ఏదైనా చెబితే "నిజమేనా" అని ఎదురు ప్రశ్న వేయొద్దు. ఆ రోజు నుంచే అక్కడికి పంపడం ఆపి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. లైంగిక వేధింపు అయితే, పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేసి తీరాలి. చాలా ఇళ్ళలో ఈ ప్రశ్న అడగరు. అడిగితే పిల్లకు మీ మీద నమ్మకం పెరుగుతుందే తప్ప పోయేదేమీ లేదు.

ఇవన్నీ తేలాక కూర్చుని మాట్లాడండి. బండి మీద వద్దు, మ్యాచ్ ఓడిన సాయంత్రం అసలే వద్దు. వెనక సీట్లో కూర్చున్న పిల్లకు మీ మొహం కనబడదు, గొంతు ఒక్కటే వినబడుతుంది, అది ఎంత మెల్లగా అన్నా తిట్టినట్టే ఉంటుంది. ఆదివారం భోజనం అయ్యాక, ఇద్దరిలో ఒకరే మాట్లాడండి. "ఏమైంది నీకు" అంటే "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. దాని బదులు జవాబు చెప్పగలిగే ప్రశ్నలు అడగండి. వారంలో ఏ రోజు కాస్త తేలిగ్గా ఉంటుంది? ప్రాక్టీసులో ఏ పని ఇంకా బాగుంటుంది, ఏది తలుచుకుంటేనే విసుగు? రేపటి నుంచి ఆడకపోతే మొదట ఎవరేమంటారని భయం? ఈ చివరి ప్రశ్నకు చాలామంది పిల్లలు "నాన్న" అంటారు. అప్పుడు మీ మొహంలో రంగు మారకూడదు.

ఖర్చు మాట ఎత్తొద్దు. ఫీజు, షటిల్ డబ్బాలు, షూస్, స్ట్రింగింగ్, టోర్నమెంట్లకు బస్సులు, లాడ్జీలు, అమ్మ సెలవులు, ఇవన్నీ పాపకు తెలుసు. చాలామంది పిల్లలు ఇష్టం చచ్చిపోయాక కూడా ఏడాది పాటు ఆడేది ఈ బాకీ తీర్చడానికే. స్పోర్ట్స్ కోటా సంగతీ అంతే. సర్టిఫికెట్ కోసం ఆడుతున్న పిల్లకు ప్రతి మ్యాచ్ ఒక ప్రవేశ పరీక్ష. ఇప్పటికే మన దగ్గర పరీక్షలకు కొదవ లేదు.

ఇక విరామం. రెండు వారాలు, 14 రోజులు, పూర్తిగా. సగం విరామం పనిచేయదు. "పొద్దున మానెయ్, సాయంత్రం వెళ్ళు" అంటే అలసట కాస్త తగ్గుతుంది కానీ మెడ మీద బరువు అలాగే ఉంటుంది. కిట్ బ్యాగ్ కంటికి కనబడకుండా అటక మీద పెట్టండి. అకాడమీ వాట్సాప్ గ్రూపులో మీరు ఉండండి, పాప వద్దు. ఈ రెండు వారాల్లో సాధారణంగా మూడు పొరపాట్లు జరుగుతాయి. ఖాళీ దొరికింది కదా అని ఇంకో ట్యూషన్ పెట్టడం మొదటిది, విరామాన్ని ఇది మొత్తం పాడుచేస్తుంది. రెండోది మధ్యాహ్నం దాకా పడుకోనివ్వడం. నిద్ర కావాలి, కానీ రాత్రి 9:30కి పడుకుని 6:30కి లేవడం ద్వారా. మూడోది మూడో రోజే "ఇప్పుడెలా ఉంది, వెళ్దామా" అని అడగడం. 14వ రోజు దాకా ఆ మాటే రాకూడదు. ఒళ్ళు కదలకుండా ఉండాలని కాదు. సైకిల్, ఈత, తాతయ్యతో సాయంత్రం నడక, వీధిలో పిల్లలతో ఏదో ఒక ఆట, అన్నీ మంచివే. స్కోరు వేసేవాళ్ళు, తప్పులు దిద్దేవాళ్ళు లేకపోతే చాలు.

"ఫిట్‌నెస్ పోతుంది" అని కోచ్ గారు తప్పకుండా అంటారు. రెండు వారాల్లో దమ్ము కాస్త తగ్గే మాట నిజం. బలం దాదాపు అలాగే ఉంటుంది, చేతికి పట్టిన స్ట్రోక్ ఎక్కడికీ పోదు. తగ్గిన దమ్ము కూడా ఆట మొదలయ్యాక రెండు మూడు వారాల్లో తిరిగి వస్తుంది. ఈ సెలక్షన్లు మాత్రం వదిలేయాల్సిందే. ఆరు వారాల్లో తేదీ కనబడుతుంటే విరామం విరామంలా ఉండదు. స్కూల్ గేమ్స్ అండర్ 17లో ఆమెకు ఇంకా ఏళ్ళు ఉన్నాయి. గుంటూరు పిల్లల తల్లిదండ్రులకు కిదాంబి శ్రీకాంత్ పేరు చెప్పకుండా మాట నడవదు కాబట్టి చెబుతున్నాను: 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ 1 అయిన ఆ ఆటగాడు జూనియర్ రోజుల్లో ఎక్కువగా డబుల్స్ ఆడినవాడు, సింగిల్స్ మీద గట్టిగా దృష్టి పెట్టింది ఆ తర్వాతే. 14 ఏళ్ళ నాటి జిల్లా జాబితా చూసి ఎవరి దారీ చెప్పలేం.

మూడో వారం నుంచి తిరిగి మొదలు, అదీ పాప సరేనంటేనే. ఎంత ఆడుతోందో కొలవడానికి గడియారం ఒక్కటే చాలదు. ప్రాక్టీసు అయిన అరగంటకు "ఎంత కష్టమనిపించింది, 0 నుంచి 10లో" అని అడిగి, ఆ అంకెను నిమిషాలతో హెచ్చవేయండి. 50 నిమిషాలు ఆడి 4 అంటే 200. వారానికి కూడితే ఆ వారం భారం తెలుస్తుంది. పాత పద్ధతిలో 27 గంటలంటే 1620 నిమిషాలు, సగటున 6 వేసుకున్నా 9720. ఎక్కడి నుంచి దిగుతున్నామో చూడండి.

మూడో వారంలో మూడు రోజులు, రోజు విడిచి రోజు, 50 నిమిషాలు, కష్టం 4 దాటకుండా. అంటే 600. ఈ వారం డ్రిల్స్ వద్దు, ఫుట్‌వర్క్ వద్దు, స్నేహితులతో డబుల్స్ గేములే. నాలుగో వారం మూడు రోజులు, 60 నిమిషాలు, కష్టం 5, అంటే 900. ఐదో వారం నాలుగు రోజులు, 75 నిమిషాలు, కష్టం 5 దగ్గరే, అంటే 1500. ఇక్కడ డ్రిల్స్ మొదలుపెట్టొచ్చు, ఏ డ్రిల్ అన్నది సగం పాప ఎంచుకోవాలి. ఆరు, ఏడు వారాల్లో నాలుగు రోజులు, 90 నిమిషాలు, ఒక రోజు మాత్రమే గట్టిగా. మొదటి టోర్నమెంట్ ఎనిమిదో వారం తర్వాత, అదీ ఊళ్ళోదే, మీరు గ్యాలరీలో లేకుండా ఆడే అవకాశం ఇచ్చి. చివరికి స్థిరపడాల్సింది వారానికి 12 గంటల దగ్గర: ఐదు రోజులు, ఒక్క పూటే. వారానికి రెండు రోజులు ఆట లేని రోజులు, అందులో ఒకటి ఆదివారం. ఒకే రోజు పొద్దునా సాయంత్రం రెండు పూటల పద్ధతి పదో తరగతి అయ్యేదాకా మర్చిపోండి. ఏదో ఒక వారం పాత విసుగు కనబడితే వెనక్కి ఒక వారం మెట్టు దిగడమే, కంగారు పడొద్దు.

పాప ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోవాలి. పొద్దున లేవగానే నాలుగు అంకెలు: నిద్ర ఎన్ని గంటలు, మనసు 1 నుంచి 5లో ఎంత, ఒళ్ళు నొప్పులు 1 నుంచి 5లో ఎంత, మంచం దిగకముందు నిమిషానికి నాడి ఎంత. నాడి మామూలుగా 66 ఉండే పిల్లకు వరసగా రెండు రోజులు 75 దాటి, మనసు 2 దగ్గరే ఉంటే ఆ రోజు తేలిక ప్రాక్టీసో సెలవో. ఈ పుస్తకం పాపది. మీరు చూసేది ఆదివారం ఒక్కసారే, తను చూపిస్తేనే. రోజూ తొంగి చూస్తే మూడో వారానికి అన్నీ 5లే రాస్తుంది.

కోచ్ గారితో మాట్లాడటం తండ్రులకు అన్నిటికంటే కష్టం. ఫోన్‌లో వద్దు, బ్యాచ్ నడుస్తున్నప్పుడు వద్దు. సాయంత్రం బ్యాచ్ అయ్యాక పది నిమిషాలు అడిగి, ఈ లెక్కల కాగితం తీసుకెళ్ళండి. "సార్, పాప మీ దగ్గరే ఆడాలి, అందుకే వచ్చాను" అని మొదలుపెట్టండి. ఆయన మీద ఉండే ఒత్తిడి కూడా చిన్నది కాదు. ఒక బ్యాచ్‌లో ముప్పై మంది, ఫలితాలు రాకపోతే వచ్చే ఏడాది పిల్లలు పక్క అకాడమీకి పోతారు. అందుకే గాలి మాటలు కాకుండా నాలుగు అడగండి: వారానికి రెండు రోజులు సెలవు, రోజుకు ఒక్క పూట, ఓడినందుకు శిక్షగా రౌండ్లు కొట్టించకపోవడం, తప్పులూ బరువూ గురించి పక్కకు పిలిచి మాట్లాడటం. శిక్షగా పరుగెత్తిస్తే పిల్ల ఒంటికి పరుగు అంటేనే అసహ్యం పుడుతుంది, ఆటలో సగం పరుగే. ఆయన ఒప్పుకుంటే రెండు నెలలు చూడండి. "నా దగ్గర ఇట్లాగే ఉంటుంది" అంటే గొడవ పడకుండా వేరే బ్యాచ్ వెతకండి. కోచ్ దగ్గర నుంచి వచ్చేసేటప్పుడు పాప చేత నమస్కారం పెట్టించి, చెప్పి రావాలి. పారిపోయినట్టు ఉంటే ఆ ఆట ఎక్కడ ఆడినా గుర్తొస్తుంది.

తిండీ వేడీ, ఈ రెండింటిని మన ఊళ్ళలో విడిగా చూడలేం. బ్యాడ్మింటన్ హాల్‌లో షటిల్ గాలికి కొట్టుకుపోతుందని ఫ్యాన్లు ఆపి, తలుపులు మూస్తారు. పైన రేకులైతే ఏప్రిల్ సాయంత్రం లోపల కుంపటే. ఒకసారి ప్రాక్టీసుకు ముందూ తర్వాతా, చెమట తుడుచుకుని, బరువు చూడండి. 45 కిలోల పిల్ల 900 గ్రాములు తగ్గిందంటే 2 శాతం పోయినట్టు, అక్కడి నుంచి ఆటా చిరాకూ రెండూ మారతాయి. పోయిన ప్రతి కిలోకీ తర్వాతి రెండు మూడు గంటల్లో ఒకటింబావు నుంచి ఒకటిన్నర లీటరు, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో కలిపి, తాగాలి. ఎనర్జీ డ్రింకులు పిల్లలకు వద్దే వద్దు, అందులోని కెఫీన్ ఉన్న కాస్త నిద్రనూ తినేస్తుంది.

గ్లాసు పాలు తాగి రెండు గంటలు ఆడటం చాలదు. వెళ్ళేముందు ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు. వచ్చాక గంటలోపు నాలుగు ఇడ్లీ, ఒక గుడ్డు, లేదా పెసరట్టు. మధ్యాహ్నం డబ్బా బడిలో ఎవరితోనో పంచుకుని సగమే తింటోందేమో కనుక్కోండి. సాయంత్రం బడి నుంచి వచ్చి ప్రాక్టీసుకు వెళ్ళేలోపు వేరుశనగ ఉండ, రాగి జావ. ఆడే పిల్లలకు రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. 45 కిలోలకు 54 నుంచి 72 గ్రాములు. రెండు గుడ్లకు 12, పావు లీటరు పాలకు 8, గుప్పెడు వేరుశనగకు 7, మిగతాది పప్పు, పెరుగు, చికెన్, అన్నంతోనే వచ్చేస్తుంది. డబ్బాల పొడులు కొనక్కర్లేదు. "లావు అవుతున్నావు, అన్నం తగ్గించు" అన్న మాట ఎవరన్నా, ఇంట్లోవాళ్ళే అన్నా, ఈ వయసులో అది విషం.

ఏడాది మొత్తం మీద ఈ ఆట లేని రోజులు రెండు మూడు నెలలు ఉండాలి, ఒక్కసారిగా కాదు, ముక్కలుగా. మన క్యాలెండర్‌లో దానికి చోటు ఉంది. ఏప్రిల్ చివర బడులు మూసినప్పటి నుంచి నాలుగు వారాలు, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, పరీక్షల ముందు రెండు వారాలు. చిక్కేమిటంటే మన దగ్గర సమ్మర్ క్యాంపులు సరిగ్గా మే నెలలోనే పెడతారు. విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పిల్లకు ఏడాదిలో దొరికే ఒక్క పెద్ద ఖాళీలో, రోజుకు ఐదు గంటలు. ఆ క్యాంపు ఫీజు కట్టకండి. అమ్మమ్మ ఊరికి పంపండి, కాలువలో ఈత నేర్చుకోనివ్వండి, పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఉంటేనే. జూన్ రెండో వారంలో బడి తెరిచాక మెల్లగా మొదలుపెడితే ఆగస్టు, సెప్టెంబరు సెలక్షన్లకు ఒళ్ళు తాజాగా ఉంటుంది. ట్యూషన్ కూడా వారానికి మూడు రోజులకు తగ్గించండి. హెడ్‌మాస్టర్‌కి, పీఈటీకి ఒక లెటర్ ఇచ్చి, టోర్నమెంట్ రోజుల్లో పోయిన స్లిప్ టెస్టులు తర్వాత రాసుకునే వీలు అడగండి. నోటితో అడిగితే మర్చిపోతారు, కాగితం ఇస్తే చాలా బడులు కాదనవు.

హాస్టల్లో ఉండి ఆడే పిల్లల సంగతి కాస్త వేరు. అక్కడ తల్లిదండ్రులకు కళ్ళు ఉండవు, ఆదివారం ఫోన్ ఒక్కటే. "బాగున్నావా" అంటే "బాగున్నా" అంటారు, వెనక వార్డెన్ నిలబడి ఉంటాడు. నెలకు ఒకసారి వెళ్ళి బయటికి తీసుకెళ్ళి టిఫిన్ తినిపించండి, ఎంత తింటున్నారో చూడండి, బరువు చూడండి. ఇంటర్‌లో చేరేటప్పుడు ఎంపీసీ, బైపీసీలతో పాటు ఆట కొనసాగించాలంటే డే స్కాలర్‌గానే చేర్చండి. రాత్రి 10 దాకా స్టడీ అవర్లు, పొద్దున 5కి ప్రాక్టీసు రెండూ కలిసి ఏ పిల్లా రెండేళ్ళు నిలవలేదు.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం ఈ వారాల లెక్క పక్కన పెట్టాలి. ఆటే కాదు, స్నేహితులు, సినిమా, ఇష్టమైన తిండి, ఏదీ వద్దంటూ రెండు వారాలు దాటితే. నిద్ర పట్టకపోతే, తింటూ వెంటనే వాంతి చేసుకుంటుంటే, చేతుల మీద కోతలు కనబడితే, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట అంటే. ఆ మాటను బెదిరింపు అనుకోవద్దు. అదే రోజు డాక్టర్‌కి చూపించండి, ఒంటరిగా వదలొద్దు, మాత్రలు, పురుగుమందు ఇంట్లో ఉంటే తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే పెళ్ళి సంబంధాలు రావని పెద్దవాళ్ళు అంటే, ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసి ఆటో ఎక్కండి.

చివరిగా మీరు అడిగిన మొదటి సంగతి, ఆపేయడం. ఆ నిర్ణయం విరామంలో తీసుకోవద్దు, ఓడిన రోజు తీసుకోవద్దు. రెండు వారాల విరామం, ఆపైన ఐదు వారాల తేలిక ఆట అయ్యాక పాపనే అడగండి. కొనసాగిస్తానంటే ఏ రోజులు, ఎన్ని గంటలు అన్నది తనే కాగితం మీద రాయాలి, మీరు సంతకం పెట్టాలి. వద్దంటే అది జవాబే, "ఇంకో ఏడాది చూడు" అని బేరం పెట్టకూడదు. కోచ్ గారికి మీరూ పాపా కలిసి వెళ్ళి చెప్పండి. మిగిలిన ఫీజు గురించి పాప ముందు మాట్లాడొద్దు. రాకెట్లలో ఒకటి ఇంట్లో ఉంచండి, రెండోది తను ఎవరికి ఇవ్వమంటే వాళ్ళకు ఇవ్వండి. సాయంత్రం 5 నుంచి 7:30 దాకా ఉన్న ఆ ఖాళీని కనీసం ఒక నెల వరకు ఏ క్లాసుతోనూ నింపకండి. మొదటి వారం ఏం చేయాలో తోచక ఇల్లంతా తిరుగుతుంది, తిరగనివ్వండి.